మీ ప్రశ్నలు – మా జవాబులు: 1991, తెలుగు తెరకు కలిసొచ్చిన ఏడాది

గత సంచికలో తొంభైల సినిమాల గురించి ప్రశ్నలు పంపమన్నాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ 1991 చుట్టూనే తిరిగాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఏడాదికే ఇచ్చేశాం.

1991ని అందరూ తెగ పొగుడుతారు. అంతకు ముందు ఏడాది ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ వచ్చింది కదా! 91లో అంత ప్రత్యేకత ఏముంది? – ఒక పాఠకుడు, విజయవాడ

హిట్ల లెక్క తీస్తే 1990 కూడా తీసిపోదు. 91 గొప్పతనం హిట్లలో కాదు, రకాల్లో ఉంది. ఒకసారి వరస చూడండి. జనవరి 11న, సంక్రాంతికి, క్రాంతికుమార్ ‘సీతారామయ్యగారి మనవరాలు’. ఫైట్లు లేవు, కుర్ర హీరో మీద నడిచే కథ కాదు. అక్కినేని తాతగా, మీనా మనవరాలిగా కథంతా మోశారు. ఏప్రిల్ 1న బాపు–రమణల ‘పెళ్లిపుస్తకం’. మే 9న ‘గ్యాంగ్ లీడర్’. జూన్‌లో ‘అసెంబ్లీ రౌడీ’. జులై 18న ‘ఆదిత్య 369’. అక్టోబరు 9న ‘క్షణక్షణం’, తొమ్మిది రోజుల తేడాతో ‘రౌడీ అల్లుడు’. వంశీ ‘ఏప్రిల్ 1 విడుదల’ కూడా ఆ ఏడాదిదే.

తాతా మనవరాళ్ల కథ, టైమ్ మెషీన్, మాస్ మసాలా, రోడ్డు మీద పరుగులు పెట్టే థ్రిల్లర్: నాలుగింటినీ పది నెలల్లో అదే ప్రేక్షకుడు టికెట్ కొని చూశాడు. ఇప్పటిలా ఒక్కో రకం సినిమాకు ఒక్కో వర్గం అనే విభజన అప్పుడు లేదు. ఇంట్లో ఉన్నది దూరదర్శన్ ఒక్కటే. ఈటీవీ మొదలైంది 1995 ఆగస్టు 27న. కాబట్టి ఇంటిల్లిపాదీ హాలుకే వచ్చేవారు. బామ్మకూ మనవడికీ నచ్చేది ఒకే సినిమాలో ఉండాలన్నది నిర్మాతకు బరువూ అయింది, బలమూ అయింది.

రెండో కారణం ‘శివ’. 1989 అక్టోబరులో ఆ సినిమా వచ్చాక కెమెరా ఎక్కడ పెట్టాలి, శబ్దం ఎంత ఉండాలి అన్న విషయాల్లో పాత అలవాట్లు కదిలాయి. ఆ మార్పు పండింది 91లో. ‘క్షణక్షణం’లో కథంతా ఒక క్లోక్‌రూమ్ రసీదు చుట్టూ తిరుగుతుంది. ఆ చిన్న కాగితం కోసం హైదరాబాద్ నుంచి అడవిదాకా పరుగులు. ఎస్. గోపాలరెడ్డి కెమెరా ఆ అడవి రాత్రిని నిజంగా రాత్రిలాగే ఉంచింది. అప్పటికే బొంబాయిలో అగ్రతారగా ఉన్న శ్రీదేవి చేత ప్రతి చిన్నదానికీ బెదిరిపోయే మామూలు ఉద్యోగిని వేషం వేయించడం రామ్‌గోపాల్ వర్మ తెగువ.

సంగీతం సంగతి వేరే చెప్పాలి. కె.వి. మహదేవన్ (‘పెళ్లిపుస్తకం’, ‘అసెంబ్లీ రౌడీ’), ఇళయరాజా (‘ఆదిత్య 369’, ‘కూలీ నెం.1’, ‘నిర్ణయం’, ‘చైతన్య’), బప్పీలహరి (‘గ్యాంగ్ లీడర్’, ‘రౌడీ అల్లుడు’), 1990లోనే తెరంగేట్రం చేసిన కీరవాణి (‘సీతారామయ్యగారి మనవరాలు’, ‘క్షణక్షణం’). నాలుగు తరహాల సంగీతం ఒకే ఏడాది క్యాసెట్ల షాపులో పక్కపక్కన ఉంది. ‘ఆదిత్య 369’లో రాయలవారి కాలం పాట ‘జాణవులే’కి జిక్కిగారి చేత పాడించడం మా దృష్టిలో ఆ ఏడాది తీసుకున్న అతి తెలివైన నిర్ణయం. పాత కాలాన్ని వినిపించడానికి పాత కాలపు గొంతునే పిలిచారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చాలా సినిమాల్లో కథతో సంబంధం లేని కామెడీ ట్రాకులు ఇప్పుడు చూస్తే కూర్చోనివ్వవు. ఆడవాళ్ల మీద వేసిన జోకులు మరీను.

‘చంటి’ 1991దా, 92దా? మా ఇంట్లో పందెం నడుస్తోంది. – ఒక పాఠకురాలు, తెనాలి

1992. విడుదల జనవరి 10. దాని తమిళ మూలం ‘చిన్నతంబి’ 91లో వచ్చింది కాబట్టి తికమక. అలాగే ‘కర్తవ్యం’ 1990 జూన్‌ది. 91 జాబితాల్లో ఈ రెండూ తరచూ దూరిపోతుంటాయి.

ఇలాంటి పందేలకు సినిమా మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్ దగ్గర ఆపి చూడండి. తేదీ, రీళ్ల సంఖ్య, మీటర్లలో నిడివి అన్నీ అందులోనే ఉంటాయి. కింద మూలలో త్రికోణం గుర్తు కనిపిస్తే సెన్సారువారు కోతలు పెట్టారని అర్థం. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, డిసెంబరులో సర్టిఫికెట్ తీసుకుని జనవరిలో విడుదలైన సినిమాకు రెండు సంవత్సరాలు అంటుకుంటాయి. జాతీయ అవార్డులు సర్టిఫికెట్ తేదీని పట్టి ఇస్తారు, జనం విడుదల తేదీని గుర్తుపెట్టుకుంటారు. రెండు, వీడియోకు విడిగా సర్టిఫికెట్ తీసుకునేవారు. మీ వీసీడీ మీద 1999 అనో 2001 అనో ఉంటే అది వీడియో తేదీ, సినిమాది కాదు.

హిందీ ‘కూలీ నెం.1’ మన వెంకటేశ్ సినిమాకి రీమేకేనా? – ఒక పాఠకుడు, కరీంనగర్

కాదు. 1995 నాటి గోవిందా సినిమా తమిళ ‘చిన్న మాప్పిళ్లై’ (1993)కి రీమేక్. దాని తెలుగు రూపం సుమన్ ‘చిన్నల్లుడు’. వెంకటేశ్, టబు నటించిన 91 నాటి రాఘవేంద్రరావు సినిమాతో కలిసింది పేరొక్కటే. 91 నుంచి హిందీకి వెళ్లిన రీమేక్ కావాలంటే ‘గ్యాంగ్ లీడర్’ ఉంది. అది 1992లో చిరంజీవితోనే ‘ఆజ్ కా గుండారాజ్’ అయింది.

‘ఆదిత్య 369’లో బాలకృష్ణ, ‘రౌడీ అల్లుడు’లో చిరంజీవి రెండేసి పాత్రలు వేశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇద్దర్నీ ఒకే ఫ్రేములో ఎలా చూపించేవారు? – ఒక విద్యార్థి, విశాఖపట్నం

ఫిల్మ్ రోజుల్లో దీనికి ప్రధానంగా మూడు దారులు ఉండేవి.

మొదటిది కెమెరాలోనే చేసే మాస్కు పద్ధతి. ముందు సెట్టులో నిలువుగా ఒక గీత వెతుక్కుంటారు: స్తంభం, తలుపు అంచు, తెర మడత. లెన్సు ముందు బిగించే చట్రంలో (మాట్ బాక్సు) నల్లటి రేకు పెట్టి ఆ గీతకు కుడివైపు మూసేస్తారు. ఎడమవైపు మొదటి పాత్ర నటన తీస్తారు. తర్వాత లెన్సు పూర్తిగా మూసి, ఫిల్మును మొదలుపెట్టిన ఫ్రేముదాకా వెనక్కి తిప్పుతారు. హీరో మేకప్, దుస్తులు మార్చుకుని వచ్చేసరికి గంటో రెండు గంటలో. ఆ సేపంతా కెమెరాను ఎవరూ తాకకూడదు. నేల మీద ట్రైపాడ్ కాళ్లకు ఇసుక మూటలు వేసేవారు. తిరిగొచ్చాక రేకును ఎడమవైపుకు మార్చి రెండో పాత్ర తీస్తారు. మొదటిసారి చెప్పిన డైలాగుల్ని టేపు మీద వినిపిస్తే, ఆ ఖాళీల్లో హీరో బదులు చెప్పాలి. చూపు కుదరడానికి అవతలి మనిషి కళ్ల ఎత్తులో స్టాండుకు ఒక గుర్తు కట్టేవారు.

ఇందులో చెడేవి చాలా ఉన్నాయి. వోల్టేజి పడిపోతే రెండో సగం వెలుగు తగ్గి గీత బయటపడుతుంది. ఆరుబయట అయితే రెండు గంటల్లో నీడలు జరిగిపోతాయి, అందుకే ఈ షాట్లు ఎక్కువగా స్టూడియో ఫ్లోరులోనే తీసేవారు. ఎఫ్ నంబరు, అంటే లెన్సు రంధ్రం ఎంత తెరిచారన్న కొలత, రెండుసార్లూ ఒకటే ఉండాలి. మారితే రేకు అంచు మెత్తదనం మారి, మధ్యలో నల్లటి చారో తెల్లటి చారో పడుతుంది. లెన్సు వెనక ఫిల్ము నిలిచే గేటులో అది వెంట్రుకవాసి ఊగినా రెండు సగాలూ వేర్వేరుగా వణుకుతాయి. అందుకే ఫ్రేమును పిన్నులతో బిగించి పట్టే మిచెల్ లాంటి కెమెరాలు కావాల్సివచ్చేవి. పాత్ర చేయి గీత దాటితే ఆ చేయి గాల్లో తెగిపోయినట్టే. పైగా రెండో సగం పాడైతే మొదటి సగం కూడా పోయినట్టే, కాబట్టి మొదటి సగాన్నే మూడు నాలుగు టేకులు తీసిపెట్టుకునేవారు.

రెండో దారి ఆప్టికల్ ప్రింటర్. రెండు పాత్రలనూ వేర్వేరు నెగటివ్‌ల మీద తీసి, ల్యాబులో ఒకదానిలోకి కలుపుతారు. సెట్టులో సుఖమే గానీ కాపీకి కాపీ అవుతుంది కాబట్టి బొమ్మలో గింజల్లాంటి చుక్కలు పెరిగి, రంగులు బిగుసుకుపోతాయి.

మూడోది అతి చవక: ఒకరి ముఖం, ఇంకొకరి వీపు. ఆ వీపు డూపుది. రెండు పాత్రలూ కౌగిలించుకునే, కొట్టుకునే షాట్లన్నీ దాదాపు ఇంతే.

మీరే పట్టుకోవచ్చు. కెమెరా ఉన్నట్టుండి రాయిలా కదలకుండా నిలిచి, ఇద్దరి మధ్య స్తంభమో గోడ అంచో ఉంటే అది మాస్కు షాట్. కట్ పడగానే బొమ్మ కాస్త మసకబారి గింజలు తేలితే ఆప్టికల్. ఒక బొమ్మ ఇంకోదానిలోకి కరిగే డిజాల్వులు, చీకట్లోకి మాయమయ్యే ఫేడ్‌లు వచ్చే షాట్లలో కూడా ఇదే మసక కనిపిస్తుంది, కారణం అదే.

‘ఆదిత్య 369’కి ఇంకో చిక్కు ఉంది. పి.సి. శ్రీరామ్ ఆరోగ్యం బాగాలేక మధ్యలో తప్పుకోవడంతో వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ కూడా కెమెరా పట్టారు. మామూలు సినిమాలో అయితే ముగ్గురి చేతివాటం అతుకుల బొంత అయ్యేది. ఇక్కడ కథే వర్తమానం, 1526, 2504 అని మూడు కాలాల్లో నడుస్తుంది కాబట్టి తేడా ఉన్నా కాలం తేడాగానే చెల్లిపోయింది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుగారి అదృష్టం అనాలో, ప్రణాళిక అనాలో!

ఒకే సినిమా పాత వీసీడీలో 2 గంటల 24 నిమిషాలు, మరోచోట రెండున్నర గంటలు చూపిస్తోంది. నా దాంట్లో కోతలు పడ్డాయా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

పడలేదు. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. మన దేశపు టీవీ పద్ధతి పాల్ (PAL) వీడియో సెకనుకు 25. వీడియోకు ఎక్కించేటప్పుడు 24 ఫ్రేముల్నే 25 వేగంతో తిప్పేస్తే సినిమా గంటకు 2 నిమిషాల 24 సెకన్లు తగ్గిపోతుంది. 150 నిమిషాలది 144 అవుతుంది. మీ లెక్క సరిగ్గా సరిపోయింది.

వేగంతోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది, అర శ్రుతికి కాస్త తక్కువగా. పాటను ఆడియో క్యాసెట్‌తోనో సీడీతోనో పక్కన పెట్టి వింటే బాలు గొంతు వీడియోలో కొంచెం పలచబడినట్టు తెలుస్తుంది. కంప్యూటర్‌లో చూసేటట్టయితే ప్లేయర్ వేగం 0.96 పెట్టండి, శ్రుతిని కాపాడే ఆప్షన్ ఆపేయండి. నిడివి, గొంతు రెండూ స్వస్థానానికి వస్తాయి.

తేడా ఇంతకన్నా ఎక్కువ ఉంటే మాత్రం కత్తెర పడినట్టే. సరిచూసుకోవడం తేలిక. సర్టిఫికెట్ మీద ఉన్న మీటర్ల సంఖ్యను 27.4తో భాగించండి. 4,110 మీటర్లంటే 150 నిమిషాలు. వీసీడీ డిస్కు ఒక్కోదానిలో 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది. 160 దాటిన సినిమాను రెండు డిస్కుల్లో ఇరికించారంటే ఎక్కడో పాటో కామెడీయో ఎగిరిపోయిందన్నమాటే.

ఆన్‌లైన్‌లో ఆనాటి సినిమాలు చూస్తుంటే కొన్నిట్లో మనుషులు సన్నగా సాగిపోయి, కొన్నిట్లో తలలు తెగిపోయి ఉంటున్నారు. ఎందుకు? – ఒక పాఠకురాలు, కర్నూలు

ఆ రోజుల్లో మన పెద్ద సినిమాలు ఎక్కువగా స్కోపులో తీసేవారు. అంటే లెన్సు బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద వేస్తుంది, హాల్లో ప్రొజెక్టరు లెన్సు దాన్ని తిరిగి విప్పుతుంది. తెర మీద వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. వీడియోకు ఎక్కించేటప్పుడు పూర్తిగా విప్పకపోతే మనుషులు సాగుతారు. చంద్రుడు, కారు చక్రం, గడియారం చూడండి. గుండ్రంగా లేకపోతే మీ ప్లేయర్‌లో యాస్పెక్ట్ రేషియోను 2.35కి మార్చండి, సరిపోతుంది.

తలలు తెగడం వేరు. పాత టీవీ చదరానికి (1.33) సరిపెట్టడానికి పక్కలు కోసేశారు. అప్పటికే బొమ్మలో 57 శాతమే మిగిలింది. ఇప్పుడు ఆ చదరాన్నే వెడల్పు టీవీ నిండాలని పైనా కిందా మళ్లీ కోశారు. ఇక మిగిలింది అసలు బొమ్మలో నూటికి 43 వంతులు. దీనికి ఇంట్లో వైద్యం లేదు, వేరే కాపీ వెతుక్కోవాల్సిందే. పైనా కిందా నల్లటి పట్టీలు ఉన్న కాపీయే మంచిది. ‘పట్టీలు వచ్చి బొమ్మ చిన్నదైంది’ అని జూమ్ నొక్కకండి. ‘క్షణక్షణం’లా ఒక మూల హీరోయిన్, ఇంకో మూల ప్రమాదం ఉంచి నడిపే సినిమాలో ఒక మూల పోతే భయమే పోతుంది.

పాత సినిమాలు 5.1లో (చుట్టూ స్పీకర్ల శబ్దంతో) మళ్లీ విడుదల చేస్తున్నారు. పాటలు దద్దరిల్లుతాయి, మాటలు వినపడవు. – ఒక పాఠకుడు, నిజామాబాద్

91లో మన సినిమాల్లో చాలావరకు శబ్దం మోనో. మాట, సంగీతం, చప్పుళ్లు అన్నీ ఫిల్ము అంచున ఒకే గీతలో కలిసిపోయి ఉంటాయి. విడివిడి మాగ్నెటిక్ టేపులు దొరక్కపోతే ఆ గీత నుంచి వాటిని శుభ్రంగా విడదీయడం కష్టం. పాటలకు మాత్రం ఆడియో కంపెనీ దగ్గర స్టీరియో మాస్టర్ వేరే ఉంటుంది. దాన్ని తెచ్చి అతికిస్తారు. అందుకే పాట రాగానే హాలు దద్దరిల్లి, మాట రాగానే మధ్య స్పీకరులోకి కుంచించుకుపోతుంది.

ఇంట్లో అయితే టీవీ ఆడియోను స్టీరియో (పీసీఎం)కి మార్చండి, ‘సరౌండ్’ ఆపేయండి. సౌండ్‌బార్‌లో ‘నైట్ మోడ్’ ఉంటే వేయండి, పాటకూ మాటకూ మధ్య ఎత్తుపల్లాలు తగ్గుతాయి. పాత మోనో ట్రాకు కూడా ఇచ్చి ఉంటే రెండో ఆలోచన లేకుండా దాన్నే ఎంచుకోండి.

ఇంట్లో ‘గ్యాంగ్ లీడర్’ క్యాసెట్ దొరికింది. పెడితే దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. బాగుచేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

తొంభై పాళ్లు చేసుకోవచ్చు. ముందు ప్లేయర్‌లో టేపును చదివే హెడ్ తుడవండి. ఇయర్‌బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది హెడ్డునూ, పక్కనున్న సన్నటి ఇనుప కడ్డీనీ రుద్దండి. గోధుమరంగు మురికి రావడం ఆగేదాకా కొత్త బడ్స్ మార్చండి. రబ్బరు చక్రానికి తడిగుడ్డ చాలు, స్పిరిట్ తగిలితే రబ్బరు బీటలు తీస్తుంది. అయిదు నిమిషాలు ఆరనిచ్చి ఇంకో క్యాసెట్ పెట్టి చూడండి.

అది బాగానే పాడుతుంటే తప్పు మీ క్యాసెట్‌దే. ముందు అంచున, నడిమధ్య కిటికీలో, రాగి రేకు మీద చిన్న స్పాంజి ముక్క ఉండాలి. టేపును హెడ్డుకు అదిమిపెట్టేది అదే. ముప్పై ఏళ్లలో జిగురు ఎండిపోయి రాలిపోతుంది. అయిదు స్క్రూలు ఉన్న పనికిరాని క్యాసెట్ ఒకటి తీసుకుని, స్క్రూలు పైకి ఉండేలా బల్ల మీద పెట్టి విప్పండి. మీ టేపు చక్రాలు రెండింటినీ ఆ డబ్బాలోకి మార్చండి. పైనా కిందా ఉన్న పల్చటి ప్లాస్టిక్ కాగితాలు మరిచిపోతే చక్రం బిగుసుకుంటుంది. టేపు చుట్ల మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం పాడించొద్దు. ఆ బూజు హెడ్డుకు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది.

స్పాంజి ఉండి కూడా మసకగానే ఉంటే అది హెడ్ టేపుకు సూటిగా లేక కాస్త వాలిపోవడం వల్ల. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ ఉంటుంది. అసలు స్థానాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకుని, పాట నడుస్తుండగానే పావు చుట్టు లోపల అటూ ఇటూ తిప్పండి. గజ్జెలు, తాళాల చప్పుడు ఎక్కడ గలగలమంటే అక్కడ ఆపండి. ఆ వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించేసుకోండి, రికార్డింగ్ లెవెల్ మైనస్ 6 డీబీ (డెసిబెల్) దాటకుండా. తర్వాత స్క్రూ మళ్లీ గుర్తు దగ్గరికి.

పిల్లలకు 91 సినిమాలు చూపించాలి. ఎక్కడ మొదలెట్టాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

‘ఆదిత్య 369’. పదేళ్ల పిల్లలకైనా కథ అందుతుంది. రాయల కొలువు, తెనాలి రామకృష్ణుడు ఉన్నారు కాబట్టి మీకు చెప్పడానికీ విషయం దొరుకుతుంది. తర్వాత ‘పెళ్లిపుస్తకం’, కానీ అంతకు ముందు రోజు ‘మిస్సమ్మ’ (1955) చూపించండి. అక్కడ పెళ్లికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాల్లా నటిస్తారు, ఇక్కడ మొగుడూ పెళ్లాలు ఉద్యోగం కోసం పెళ్లికానట్టు నటిస్తారు. వరసగా చూస్తే పిల్లలే ఆ మెలిక పట్టేస్తారు. ‘క్షణక్షణం’ పన్నెండు దాటినవాళ్లకి. ‘సీతారామయ్యగారి మనవరాలు’ మాత్రం తాతయ్య పక్కన ఉన్నప్పుడే పెట్టండి. కథ ముందే చెప్పేయకండి.

పాత కాపీల్లో అప్పుడప్పుడు తెర కుడి పై మూలన ఒక గుండ్రటి మచ్చ మెరిసి మాయమవుతుంది. అదేమిటి? – ఒక పాఠకుడు, ఒంగోలు

ఆపరేటర్‌కు సంకేతం. రెండున్నర గంటల సినిమా అంటే వెయ్యి అడుగుల రీళ్లు 14 దాకా. ఒక్కోటి 11 నిమిషాలు. హాల్లో రెండేసి కలిపి, రెండు ప్రొజెక్టర్ల మీద మార్చి మార్చి వేసేవారు. రీలు అయిపోవడానికి సుమారు 8 సెకన్ల ముందు మొదటి మచ్చ వస్తుంది, అప్పుడు రెండో మిషను మోటారు వేయాలి. ఒక సెకను ముందు రెండో మచ్చ, అప్పుడు వెలుగు అటు మార్చాలి. కొన్ని కాపీల్లో ఆ మచ్చ చుట్టూ గీకుళ్లు కనిపిస్తాయి. ప్రింటు ఊళ్లు తిరిగి అంచు అరిగిపోయి, అసలు మచ్చ కనపడక ఆపరేటర్లు మేకుతో గీసుకున్న సొంత గుర్తులవి.